అన్నీ అరవై మూడే

"మెయిన్ స్విచ్ వేశావా, లేదా?"

"వేయలేదు మేడమ్."

"పోనీ, ముట్టుకున్నావా?"

చిన్నోడు తల గోక్కున్నాడు. "ముట్టుకునే ఉంటాను. మిషన్ రూమ్ తలుపు తోయగానే చెయ్యి ఆనేది ఆ డబ్బా మీదే. అంతమాత్రాన వేసినట్టా?"

"నాకు కాదు. వేలిముద్రలు తీసినవాళ్ళకి అంతే."

ముప్పై దాటిన మనిషి. ఇంట్లో చివరివాడు కాబట్టి పుట్టినప్పటినుంచీ చిన్నోడే. లిఫ్టుల కంపెనీలో మెకానిక్. పని నేర్పింది బావ, ఉద్యోగం ఇప్పించింది బావ, రోజూ స్కూటర్ వెనక ఎక్కించుకుని తిప్పింది బావ. ఇప్పుడు ఆ బావనే చంపాడని లాకప్పులో పెట్టారు. ఈ స్టేషన్ ఇన్‌స్పెక్టరు ఒకప్పుడు నా కింద పని చేశాడు. నేను ఉద్యోగం మానేసి సొంతంగా కేసులు చూసుకుంటున్నా ఆ మొహమాటం పోలేదు, అందుకే మాట్లాడనిచ్చాడు.

"జరిగింది మొదటినుంచీ చెప్పు. ఏడవకుండా చెప్పు. ఏడుపు సంగతి తర్వాత చూద్దాం."

చెప్పాడు. బిల్డింగుకి ఇద్దరూ కలిసి వెళ్ళారు. లిఫ్ట్ కింద గుంటలో ఏదో మోత వస్తోందని కంప్లయింటు. బావ కింది తలుపు తాళం తీసి, ఎర్ర స్విచ్ నొక్కి, గుంటలోకి దిగాడు. ఎవరైనా పొరపాటున పడిపోతారని తలుపు లోపలినుంచి దగ్గరికి లాగేసుకున్నాడు. నువ్వు పైకెళ్ళి మిషన్‌లో నూనె చూసి రా అన్నాడు. చిన్నోడు మెట్లెక్కి పైకి వెళ్ళాడు. నూనె చూస్తుండగానే మిషన్ తిరగడం మొదలైంది. పై అంతస్తులో ఎవరో లిఫ్ట్ ఎక్కి కిందికి నొక్కారు.

"మిషన్ తిరుగుతుంటే చూస్తూ నిలబడ్డావా?"

"మెయిన్ లాగాను మేడమ్. లాగేసరికి..." అక్కడితో ఏడుపు అందుకున్నాడు.

నేను కాసేపు కిటికీ వైపు చూశాను. మగవాళ్ళు ఏడిస్తే ఎటు చూడాలో నాకు ఇంతవరకూ తెలియదు.

"కంపెనీ ఏమంటోందో తెలుసా? నువ్వు ముందే మెయిన్ తీశావట, బావ గుంటలో ఉండగా కావాలని మళ్ళీ వేశావట. పొద్దున అందరి ముందూ పోట్లాడుకున్నారట."

"వేరే కంపెనీకి పోతానన్నాను. బావ తిట్టాడు. బావ తిట్టని రోజెప్పుడుందని? నేను కూడా నోరు జారాను. నీ చేతికింద ఎన్నాళ్ళు చావను అన్నాను." మొహం చేతుల్లో దాచుకున్నాడు. "ఆ మాటే అన్నాను మేడమ్. ఆఖరి మాట అదే."

"సరే. దిగేముందు మెయిన్ తీయాలని రూలుంది కదా, ఎందుకు తీయలేదు?"

"రూలుకేం, గోడమీద అంటించి ఉంటుంది. మెయిన్ ఉండేది మేడమీద. ప్రతిసారీ అన్ని మెట్లూ ఎక్కి దిగుతుంటే రోజుకి రెండు లిఫ్టులు కూడా చూడలేం. గుంటలో ఎర్ర స్విచ్ నొక్కితే లిఫ్టుని కట్టేసినట్టే. అది పాడైన చోట మాత్రమే పైకెళ్ళి మెయిన్ తీస్తాం."

"పాడైందని ఎలా తెలుస్తుంది? దిగాక తెలిస్తే లాభం లేదుగా."

"పనికి పంపేటప్పుడు ఆఫీసులో ఇచ్చే స్లిప్పులో ఉంటుంది. గుర్తు అని ఒక గడి ఉంటుంది చూడండి, అందులో."

స్లిప్పు నేను చూశాను. చనిపోయినాయన జేబులో దొరికింది. బిల్డింగు పేరు, అడ్రసు ఇంగ్లీషులో ఉన్నాయి. ఓనరు పేరు ఉండాల్సిన చోట వరసగా ప్రశ్నార్థకాలున్నాయి. గుర్తు అన్నచోట ఏమీ లేదు. గుర్తు అంటే పార్కు పక్కన, బడి వెనక అని రాసే చోటు అనుకుని నేనూ వదిలేశాను.

"అందరూ అలాగే అనుకుంటారు మేడమ్. పైవాళ్ళకి కూడా తెలియదు. స్లిప్పు మీద మన మాటలు రాసుకోవడానికి ఇంకెక్కడా చోటు లేదు. పాత మెకానిక్కులెవరో అందులో జాగ్రత్తలు రాయించడం మొదలుపెట్టారు. ఏ లిఫ్టుకి ఏ రోగముందో అన్నీ అందులోనే ఉంటాయి. మెకానిక్ అనేవాడు స్లిప్పు తీసుకోగానే మొదట చూసేది ఆ గడి."

"ఆ రోజు ఆ గడి ఖాళీగా ఉంది."

"ఖాళీ అంటే అంతా బాగుందని అర్థం. ఖాళీ చూసే దిగాడు బావ." కళ్ళు తుడుచుకుని నా వైపు చూశాడు. "మేడమ్, అక్క వచ్చిందా?"

"బయట ఉంది."

"లోపలికి రాదా?"

టైమైపోయిందని లేచాను.

బయట బెంచీ మీద చిన్నోడి అక్క కూర్చుని ఉంది. నాకు కేసు అప్పగించింది ఈ అమ్మాయే. పోయింది మొగుడు, లోపలున్నది తమ్ముడు. చుట్టాలందరూ తమ్ముడే చేశాడని తేల్చేసి వెళ్ళిపోయారట. పాపను పక్కింట్లో వదిలి రోజూ స్టేషన్ దాకా వస్తుంది, గుమ్మం దాటి లోపలికి పోదు.

"చెప్పాడా?" అంది.

"చెప్పింది విన్నాను. నిజమో కాదో ఇంకా తేలాలి."

"నాకు ఒక్కటి తేల్చండి మేడమ్. వాడు చేయలేదని తెలిస్తే ఇంటికి తీసుకెళ్ళి ఇంత తిండి పెట్టుకుంటాను. చేశాడని తెలిస్తే నాకు తమ్ముడే లేడనుకుంటాను. ఈ మధ్యలో ఉండటమే నావల్ల కావడం లేదు. మా ఆయన కోసం ఏడుద్దామని కూర్చుంటే వీడు గుర్తొస్తాడు. వీడి కోసం ఏడుద్దామంటే ఆయన గుర్తొస్తారు. ఏ ఏడుపూ పూర్తి కావడం లేదు."

విన్నది విన్నట్టు క్లయింటుకి చెప్పేయడం నా పద్ధతి కాదు. గుర్తు గడి సంగతి నాలోనే ఉంచుకుని బిల్డింగుకి బయల్దేరాను. ఆ రోజు అలా ఉంచుకోకపోతే ఎలా ఉండేదో ఇప్పటికీ చెప్పలేను.

వాచ్‌మన్ చేత మెయిన్ తీయించి, మిషన్ రూమ్‌కి తాళం వేయించి, ఆ తాళంచెవి నా జేబులో వేసుకున్నాకే గుంటలోకి దిగాను. నాకింకా బతకాలని ఉంది. లోపల నా ఛాతీ ఎత్తు గోడలు, పాత గ్రీజు, బూజు. నేల కడిగేశారు. ఎంత కడిగినా ఒక మూల కడిగినట్టు తెలుస్తూనే ఉంది. అటు చూడకుండా టార్చి గోడ మీదికి తిప్పాను.

ఎర్ర స్విచ్ ముద్దుగా మెరుస్తోంది. చుట్టూ గోడంతా మసి, దాని మరలు మాత్రం తళతళలాడుతున్నాయి. దానిలోకి వెళ్ళే వైరు చివర రంగు కూడా కొత్తది. మిగతా డబ్బాల మీద వేలు పెడితే వేలు నల్లబడింది. దీని మీద పెడితే దుమ్ము కూడా అంటలేదు.

అంతలో పైనుంచి సెంటు వాసన గుప్పుమంది. తలెత్తకుండానే వచ్చిందెవరో తెలిసిపోయింది. సెంటు సారు. ఇద్దరం ఒకే శాఖలో పని చేసినప్పుడు పెట్టిన పేరది. ఇప్పుడు ఇన్సూరెన్సు వాళ్ళ తరఫున దర్యాప్తులు చేస్తున్నాడు. తప్పు కంపెనీది కాదని తేలిస్తే అతని పని అయినట్టే.

"ఈ వయసులో గుంటల్లోకి దిగడం అవసరమా మేడమ్?"

"పైనుంచి చూస్తే నా నడినెత్తి తప్ప ఏమీ కనబడదయ్యా. చెయ్యి అందించు."

అందించలేదు. ఇస్త్రీ చొక్కా కదా. నిచ్చెన పట్టుకుని నా పాట్లు నేను పడి పైకొచ్చాను.

"ఆ స్విచ్ నేనే పరీక్షించాను," అన్నాడు. "ఇన్‌స్పెక్టరు ముందే. నొక్కగానే లిఫ్ట్ ఆగింది. పంచనామాలో ఉంది. గుంటలో స్విచ్ బాగున్నప్పుడు లిఫ్ట్ ఎలా కదిలింది? స్విచ్ నొక్కే అవసరం రాలేదు కాబట్టి. ఎందుకంటే మెయిన్ తీసి ఉంది కాబట్టి. ఆ తీసిన మెయిన్‌ని బామ్మర్ది వేశాడు కాబట్టి."

"నీ 'కాబట్టి'లు బాగున్నాయి. పరీక్షించింది ఎప్పుడు?"

"మర్నాడు."

"మర్నాడు కొత్త స్విచ్ బిగించాక. ఆగక ఏం చేస్తుంది పాపం?"

మొహంలో రంగు మారింది. "ఎవరు చెప్పారు?"

"మరలు చెప్పాయి. పాత స్విచ్ ఏది?"

"భద్రత కోసం కంపెనీ మార్చింది. అందులో తప్పేముంది? పాతది చెత్తలో పోయింది."

"పాతది పాడైపోయి ఉందని కంపెనీ రికార్డుల్లో ఎక్కడా లేదా?"

"లేదు. నేను స్వయంగా చూశాను. ఆ గుర్తు గడి మొదటినుంచీ ఖాళీనే. కంప్యూటర్‌లో ఉన్న ఆ బిల్డింగు కార్డును ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోలేదు."

నేను చేతులు తుడుచుకోవడం ఆపాను.

"నేను రికార్డు అన్నాను. గుర్తు గడి అనలేదే?"

సెంటు సారు దగ్గాడు. ఫోను తీసి, అందులో ఏమీ లేకపోయినా చూశాడు. లిఫ్టు కంపెనీలో మేనేజరుకే తెలియని గడి సంగతి ఈయనకెలా తెలిసింది? ఎవరో చెప్పి ఉండాలి. లేదా ఆ గడిలో ఒకప్పుడు ఏముందో ఈయన చదివి ఉండాలి. అదే అడిగాను. అతను కారెక్కి తలుపేసుకున్నాడు.

కంపెనీ ఆఫీసు అంటే ఒక హాలు, వెనక స్పేర్ పార్టుల గది. చిన్నోడి అక్క ఉద్యోగం కూడా అక్కడే. ఈమధ్యే చేరింది. ఫోన్లు ఎత్తడం, కార్డుల్లో మార్పులు కంప్యూటర్‌లో ఎక్కించడం, మెకానిక్కులకు స్లిప్పులు ప్రింటు తీసి ఇవ్వడం ఆమె పని. మొగుడు పోయాక ఆ రోజే మొదటిసారి తన కుర్చీలో కూర్చుంది. మేనేజరు ఊళ్ళో లేడన్నారు. ఊళ్ళో లేకపోవడానికి మంచి రోజులు చూసుకున్నాడు.

ప్రోగ్రామర్‌ని పిలిపించాను. కళ్ళజోడు, నిద్రలేని మొహం. కంపెనీకి కొత్త ప్రోగ్రాం చేసిచ్చింది అతనే. నేను కూర్చోకముందే సెంటు సారు కూడా వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. పిలవని పేరంటానికి రావడం అతనికి అలవాటే.

"స్లిప్పులో ఓనరు పేరు చోట ప్రశ్నార్థకాలు ఎందుకొచ్చాయి?" అని ప్రోగ్రామర్‌ని అడిగాను.

"డ్రైవర్ సెట్టింగు మేడమ్."

"ఏ డ్రైవరు? బండి తోలేవాడా?"

"కాదు మేడమ్. కార్డులన్నీ పాత ఫైళ్ళలో ఉన్నాయి. కొత్త ప్రోగ్రాంకి ఆ ఫైళ్ళు నేరుగా చదవడం రాదు. మధ్యలో డ్రైవర్ అని ఒకటి ఉంటుంది. దుబాసీ అనుకోండి. ఫైల్లో నిజానికి అక్షరాలుండవు, అంకెలుంటాయి. ఏ అంకె ఏ అక్షరమో చెప్పే పట్టిక ఉంటుంది. పాత ప్రోగ్రాం మన అక్షరాలకి వాడిన పట్టిక వేరు. ఆ పట్టిక పేరు నేను డ్రైవర్‌కి చెప్పలేదు. చెప్పకపోతే అది ఇంగ్లీషు పట్టికే పట్టుకుంటుంది. అందులో లేని అంకె కనబడితే ప్రశ్నార్థకం పెట్టేస్తుంది."

"సరిచేయడం కష్టమా?"

"ఒక్క లైను మేడమ్. పట్టిక పేరు రాస్తే చాలు."

"రాశావా?"

"రాశాను."

"ఎప్పుడు?"

అతను సెంటు సారు వైపు చూశాడు. సెంటు సారు కిటికీ వైపు చూశాడు.

"అటు కాదు బాబూ, ఇటు. ఎప్పుడు?"

"ప్రమాదానికి ముందురోజు."

"మరి ముందురోజే బాగుపడితే, తెల్లారి తీసిన స్లిప్పులో ప్రశ్నార్థకాలు ఎలా ఉన్నాయి?"

చిన్నోడి అక్కతో ఆ బిల్డింగు కార్డు తెరవమన్నాను. తెరిచింది. పక్క బిల్డింగుల కార్డుల్లో ఓనర్ల పేర్లు చక్కగా మన అక్షరాల్లో ఉన్నాయి. దీంట్లో మాత్రం ప్రశ్నార్థకాలే. గుర్తు గడి ఖాళీ.

"ఇప్పుడు డ్రైవర్ లేకుండా, ఫైల్లో నిజంగా ఏముందో చూపించు. ఆ అంకెలే చూపించు."

ప్రోగ్రామర్ తన ల్యాప్‌టాప్‌లో వేరే విండో తెరిచాడు. మంచి కార్డుల్లో ఓనరు పేరు దగ్గర అంకెలు రకరకాలుగా ఉన్నాయి. ఈ కార్డులో వరసగా ఒకటే అంకె. అరవై మూడు, అరవై మూడు, అరవై మూడు. చివరిదాకా అదే.

"ఏంటది?"

"ప్రశ్నార్థకానికి అంకె మేడమ్."

"అంటే ఇది కనబడటంలో తేడా కాదు. ఫైల్లోనే ప్రశ్నార్థకాలు కూర్చున్నాయి. ఊరికే చూస్తే ఇలా అవుతుందా?"

"చూస్తే ఏమీ కాదు. సెట్టింగు తప్పుగా ఉన్న రోజుల్లో కార్డు తెరిచి, ఏదైనా ఒక గడి మార్చి సేవ్ చేస్తే, కార్డు మొత్తం తిరగరాస్తుంది. తనకి అర్థం కాని చోటల్లా ప్రశ్నార్థకాన్నే రాసేస్తుంది. అసలు అక్షరాలు ఇక రావు."

సెంటు సారు వైపు తిరిగాను. "ఏళ్ళ తరబడి ముట్టుకోని కార్డా ఇది? కొత్త ప్రోగ్రాం వచ్చిన ఈ నెలలోనే ఎవరో తెరిచి సేవ్ చేశారు. రాసుకో."

"అయితే ఏమైంది? గుర్తు గడిలో ప్రశ్నార్థకాలు లేవుగా? ఏదైనా ఉండి ఉంటే అక్కడా అవే పడేవి. ఖాళీ అంటే మొదటినుంచీ ఖాళీ అనేగా!"

నేను ప్రోగ్రామర్‌ని అడిగాను. అతను అసలు అంకెలు చూపించాడు. గుర్తు గడిలో అన్నీ ముప్పై రెండు. ముప్పై రెండంటే ఖాళీ చోటట.

"డ్రైవర్ తనంతట తాను ఖాళీ చేస్తుందా?"

"చేయదు. అది పెడితే ప్రశ్నార్థకాలే పెడుతుంది. మొదటినుంచీ ఖాళీ అయినా ఉండాలి, లేకపోతే..." ఆగిపోయాడు.

"లేకపోతే ఎవరో మనిషి చేత్తో ఆ ప్రశ్నార్థకాలు చెరిపి ఉండాలి."

ఆ మాట నా నోటినుంచి పూర్తిగా బయటికొచ్చాక తెలిసింది, అనకూడని చోట అన్నానని. కీబోర్డు మీదున్న రెండు చేతులూ కదలడం మానేశాయి.

"నేనే," అంది చిన్నోడి అక్క.

వేలితో ప్రోగ్రామర్‌ని చూపించింది.

"ఆ బిల్డింగు వాళ్ళ ఫోన్ నంబరు మారిందని చెప్తే మార్చాను. గుర్తు గడి నిండా ప్రశ్నార్థకాలున్నాయి. స్లిప్పు మీద అసహ్యంగా ఉంటోందని ఈయనకి ఫోన్ చేసి అడిగాను. గుర్తులే కదా, అడ్రసు ఇంగ్లీషులో ఉంది కదా, తీసేయండి అన్నారు. తీసేశాను." ప్రోగ్రామర్ తల దించుకున్నాడు. "అందులో ఏముండేది మేడమ్?"

నాకు చెప్పాలని లేదు. చెప్పక తప్పలేదు. మెకానిక్కులు ఆ గడిలో ఏం రాయించేవారో చెప్పాను. గడి ఖాళీగా ఉంటే వాళ్ళు ఏమనుకుంటారో కూడా చెప్పాను. ఎంత మెల్లగా చెప్పినా ఆ మాటల బరువు తగ్గదు.

సెంటు సారు గోడ వదిలి ముందుకొచ్చాడు. గొంతులో బోలెడంత జాలి నింపుకున్నాడు. "చూశారా మేడమ్? అందుకే తవ్వొద్దని చెప్తున్నాను. ఇది బయటపెడితే మీ క్లయింటు మీదే కేసు పడుతుంది. మొగుడి చావుకి పెళ్ళామే కారణమని పేపర్లో వస్తుంది. పాప రేపు బడికి పోవాలి కదా? ఇక్కడితో ఆపేయండి. తమ్ముడి మీద హత్య తీసేసి అజాగ్రత్త కింద రాయిస్తాను. నా మాట."

"నీ మాటా?" నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆ గడిలో ఏముందో నీకు తెలుసు. తెలిసి కూడా ఆ పిల్లాణ్ణి లాకప్పులో కుళ్ళబెట్టావు. సిగ్గుందా నీకు? బయటికి నడు. నువ్వు పూసుకున్న సెంటంతా కలిపినా నీ కంపు పోదు."

"మీ ఇష్టం," అన్నాడు. కోపం కూడా తెచ్చుకోలేదు. వాచీ చూసుకుని వెళ్ళిపోయాడు. నాకు ఆ అమ్మాయి మొహం తప్ప ఇంకేమీ కనబడటం లేదు. అతను ఎటు పోతున్నాడన్నది ఆలోచించలేదు.

అతని కారు కదిలాక ప్రోగ్రామర్ నోరు విప్పాడు. "మేడమ్, కొత్త ప్రోగ్రాం పెట్టేముందు పాత ఫైళ్ళన్నీ ఒక కాపీ తీసి పెట్టాను. ప్రమాదం అయ్యాక ఆ సారు వచ్చి అడిగితే ఇచ్చాను. మన అక్షరాల్లో కనబడేలా చేసిమ్మంటే చేసిచ్చాను. ఈ కార్డు చదివారు. ఎవరికీ చెప్పొద్దన్నారు. ఇంకో కాపీ నా దగ్గరుంది."

"సెట్టింగు సరిచేసిన రోజే కార్డులు పోయాయని నీకు తెలుసు కదా? అప్పుడే ఆ కాపీ ఎందుకు ఎక్కించలేదు?"

"ఒక పూట ఆఫీసు ఆపాలని మేనేజరు గారికి చెప్పాను. గుర్తులే కదా, సెలవు రోజు చూసుకుందాం అన్నారు. నాకూ గుర్తులే అనిపించింది." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆ సెలవు రోజు వచ్చేలోపే..."

కాపీ తెరిచి, పట్టిక పేరు రాసి, కార్డు చూపించాడు. ఓనరు పేరు కనబడింది. కింద గుర్తు గడి నిండా అక్షరాలు. ఎవరో పాత మెకానిక్ చెప్పి రాయించిన మాటలు.

*గుంటలో స్విచ్ పని చేయదు. నొక్కితే నొక్కినట్టే ఉంటుంది, లిఫ్ట్ ఆగదు. పైకెళ్ళి మెయిన్ తీసి దిగు నాయనా.*

ఆ అమ్మాయి చదివింది. మళ్ళీ చదివింది. పెదాలు కదులుతున్నాయి కానీ ఏడుపు రావడం లేదు.

"ఆ రోజు స్లిప్పు నేనే ఆయన చేతికిచ్చాను," అంది. "ఓనరు పేరు చూసి, ఇదింకా బాగుపడలేదా అన్నారు. కింద గడి చూసి, పోన్లే, ఇది ఖాళీనే, ఇవాళ మెట్లెక్కే పని లేదు అన్నారు. నవ్వుతూ అన్నారు మేడమ్. ఆయన మోకాళ్ళ నొప్పులు నాకు తెలుసు. నేనూ సంతోషించాను."

నేను ఆమె భుజం మీద చెయ్యి వేశాను. అంతకంటే చేయడానికి నాకేం చేతనవును?

"తల్లీ, నీకు తెలియక జరిగింది. తెలిసినవాళ్ళు వేరే ఉన్నారు. కానీ దీన్ని కాగితం మీద పెడితే వాళ్ళు నీ మీదికి తోసేయాలని చూస్తారు. ఆలోచించుకో."

"ఆలోచించడానికేముంది? తమ్ముడు చేయలేదు. అది తేల్చమనే కదా మిమ్మల్ని అడిగాను." కాగితం తనే తెచ్చింది. ఫోన్ నంబరు మార్చడం దగ్గర్నుంచి స్లిప్పు చేతికివ్వడం దాకా పూసగుచ్చినట్టు తన చేత్తోనే రాసింది. సంతకం పెట్టింది. ఇంకో కాగితం మీద ప్రోగ్రామర్ కూడా తన తప్పూ, మేనేజరు మాటా, సెంటు సారు నోరు మూయించిన సంగతీ రాసి సంతకం చేశాడు. పాత కార్డు ప్రింటు తీశాడు. మూడు కాగితాలూ సంచిలో పెట్టుకుని, ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని స్టేషన్‌కి బయల్దేరాను.

దారిలో ఒక్కసారే మాట్లాడింది. "వాడికి మొదట నేనే చెప్తాను మేడమ్. ఇంకెవరి నోటా వినకూడదు."

మేం వెళ్ళేసరికి ఇన్‌స్పెక్టరు గదిలో సెంటు సారు కాఫీ తాగుతున్నాడు. నన్ను చూసి మర్యాదగా లేచి నిలబడ్డాడు. ఆ మర్యాద చూడగానే సంచి గట్టిగా పట్టుకున్నాను.

"మీ శ్రమ వృథా అయింది మేడమ్," అన్నాడు ఇన్‌స్పెక్టరు, నా కళ్ళలోకి చూడకుండా. "ఇప్పుడే ఒప్పుకున్నాడు. పగతో మెయిన్ తనే వేశానని రాసిచ్చాడు."

బల్ల మీద కాగితం ఉంది. అక్షరాలు వంకరటింకరగా ఉన్నా సంతకం చిన్నోడిదే.

"ఏం చెప్పావు వాడికి?" అని సెంటు సారు చొక్కా పట్టుకున్నాను. అరవై ఏళ్ళ ఆడదాన్ని, ఆ సమయంలో ఎంత బలం వచ్చిందో నాకే తెలియదు.

"ఉన్నమాటే చెప్పాను. కార్డు వాళ్ళక్క చెరిపిందని చెప్పాను. ఈ కేసు ఇలాగే ఉంటే కార్డు గురించి ఎవరూ అడగరని చెప్పాను. మిగతాది అతనిష్టం."

ఆ అమ్మాయి ఇదేదీ వినలేదు. ఇన్ని రోజులూ దాటని గుమ్మం దాటి, నేరుగా లాకప్పు దగ్గరికి నడిచింది. నేను వెనకాల పరుగెత్తాను. చిన్నోడు ఊచలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అక్కను చూడగానే ఒక్క అడుగు వెనక్కి వేశాడు.

"ఏం రాశావురా?"

"నేనే వేశాను అక్కా."

"నా మొహం చూసి చెప్పు."

చూడలేదు. "పాపను చూసుకో. నువ్వు ఇంటికి పో. ఆ ఆఫీసుకి మళ్ళీ వెళ్ళకు. కార్డూ గీర్డూ అని ఎవరడిగినా నీకేం తెలియదు. నేనే వేశాను, అంతే."

"నా మొహం చూసి చెప్పరా!"

వాడు తల అడ్డంగా ఊపుతూ గోడవైపు తిరిగిపోయాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. అక్క ఊచల్లోంచి చెయ్యి చాపి వాడి చొక్కా అంచు అందుకుంది, చిన్నప్పుడు రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్నట్టు. అప్పుడు వచ్చింది ఆమెకి ఏడుపు. మొగుడిదీ తమ్ముడిదీ కలిసి ఒక్కసారే వచ్చింది.

నా సంచిలో ఆమె రాసిచ్చిన కాగితం ఉంది, నేనే చెరిపానని. లోపల బల్ల మీద వాడు రాసిచ్చిన కాగితం ఉంది, నేనే వేశానని. ఒక మనిషి పోతే, మిగిలిన ఇద్దరూ నేనంటే నేనని పోటీపడుతున్నారు.

"మేడమ్," అని వెనక నుంచి ఇన్‌స్పెక్టరు పిలిచాడు. గొంతు తగ్గించాడు. "కాగితం కోర్టుకి పంపేశాం. మీరు చూసింది నకలు. అసలుది ఇందాకే వెళ్ళిపోయింది."

తమ్ముడు ఏ పాపం ఎరుగడని ఆ అక్కకి అప్పటికి పూర్తిగా తెలిసిపోయింది. చొక్కా అంచు వదలకుండా, "ఇంటికి పోదాం రా, ఆకలేస్తోందా?" అని అడుగుతూనే ఉంది.